నంబరు కుట్టని చొక్కాలు

నా ఎడమ భుజం కుడి భుజం కంటే అర అంగుళం కిందికి ఉంటుంది. యాభై ఏళ్లుగా ఈ భుజాలు మోస్తున్న నాకు ఆ సంగతి తెలిసి మూడు నెలలే అయింది. మా వీధి దర్జీకి మాత్రం నలభై ఏళ్లుగా తెలుసు. ఆయన మొన్న మాఘంలో పోయాడు.

ఆయన దుకాణం గుంతకల్లులో రైల్వే క్వార్టర్ల వెనక ఉండేది. పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు ఏడు. గుమ్మానికి ఎదురుగా గోడకు ఒక మేకు. మేకు కింద ఒక ముక్కాలిపీట. మిషను గుమ్మం పక్కన, గోడకు ముఖం చేసి కాకుండా పీటకు ముఖం చేసి ఉండేది. వెలుతురు వెనక నుంచి పడితే కుట్టేవాడికి తన నీడే అడ్డమని నేను చిన్నప్పుడే ఆయనకు చెప్పాను. ఆయన మిషను తిప్పలేదు.

నాకు పదో తరగతితో చదువు ఆగిపోయింది. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు ఊళ్లో మేస్త్రీలు ప్లాను తెచ్చి ఇస్తే ఎంత కడ్డీ, ఎన్ని ఇటుకలు, ఎన్ని మూటల సిమెంటు పడుతుందో రాసి ఇస్తాను. నా చేత మొట్టమొదట లెక్క చేయించుకున్నవాడు ఆయనే. చుట్టరికం ఏమీ లేదు, వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య రెండిళ్లు. నేను చిన్నాయనా అనేదాన్ని. ఆయన నన్ను పాపా అనేవాడు. నాకు జుట్టు నెరిసినాక కూడా అట్లాగే పిలిచేవాడు.

నాలుగేళ్లకోసారి, ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ జరిగే ఏడు, క్వార్టర్ల కుర్రాళ్లకు ఆయన పదకొండు చొక్కాలు కుట్టేవాడు. ఏ దేశం చొక్కా కుట్టాలో ఆయనే తేల్చేవాడు, కుర్రాళ్లను అడిగేవాడు కాదు. ఆయనకు ఆట రాదు. టీ అంగడి టీవీ ముందు కూర్చుంటే ఆయన చూసేది బంతిని కాదు, వీపుల్ని. మ్యాచ్ అయిపోయి బయటికి వస్తుంటే ఎవరైనా అడిగేవాళ్లు.

"ఏమన్నా, ఎవురు గెలిచిరి?"

"ఎవురో. ఆ పచ్చచొక్కాలోళ్లు అంత ఎగిరి దూకినా భుజం కుట్టు యాడా పీక్కోలేదప్పా."

టేపు ఎప్పుడూ మెడలో వేలాడేది కానీ కుర్రాళ్లను దానితో కొలవడం నేను చూడలేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి నడవమనేవాడు. నడిచినవాడి వీపు చూసి సుద్దతో గుడ్డ మీద గీత గీసేవాడు. "కొలత లేనిదే కత్తెర తియ్యను నేను" అనేవాడు. టేపు తియ్యకుండా కొలత యాడిదని కుర్రాళ్లు ఎగతాళి చేస్తే, టేపు మీకోసరం ఏసుకోని ఉండా, నాకోసరం కాదు అనేవాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. నంబరు ముందుగా కుట్టేవాడు కాదు. చొక్కా పూర్తయ్యాక మనిషిని పిలిచి, తొడిగించి, వెనక్కి తిప్పి నిలబెట్టి, నంబరును ఒంటి మీదే చేత్తో కుట్టేవాడు. ఒంటి మీద ఉండగా బట్ట కుట్టకూడదని, అట్లా కుట్టేది శవానికేనని మా వైపు పెద్దవాళ్లు అంటారు. అందుకు ఆయన దగ్గర విరుగుడు ఉంది. కుట్టించుకునేవాడు నోట్లో ఒక దారప్పోగు పెట్టుకుని పళ్లతో పట్టుకోవాలి. కుట్టు అయిందాకా వదలకూడదు, మాట్లాడకూడదు.

"బతికుండేవాళ్లను కుడతాండామని సూదికి తెలియాల" అనేవాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో దుకాణం ముందు పదకొండు మంది పెదాల సందున తెల్లదారం వేలాడేసుకుని వరసగా నిలబడి ఉండేవాళ్లు. దారిన పోయేవాళ్లు "ఏమప్పా, గడ్డి దొరకలేదా?" అని నవ్వేవాళ్లు. వీళ్లు మాత్రం నవ్వకుండా కళ్లతోనే తిట్టేవాళ్లు. నవ్వితే ఆయన సూది తీసేసి పక్కకు పొమ్మంటాడని వాళ్లకు తెలుసు. ఎందుకట్లా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అది కూడా అందరికీ తెలుసు.

ఆయనకు ఒక్కతే కూతురు. నా ఈడుది. ఎనభై రెండులో ఇద్దరం ఒకటో తరగతి. ఆ ఏడు ఎవరో గార్డు తెచ్చిన పత్రికలో బ్రెజిల్ వాళ్ల రంగుల బొమ్మ వచ్చింది. పసుపు చొక్కా, ఆకుపచ్చ మెడపట్టీ. ఆ బొమ్మ చూసి ఆయన కుట్టిన మొదటి చొక్కా ఆ పిల్లకే. ఆరేళ్ల పిల్ల కాబట్టి నంబరు ఆరు కావాలంది. వెనక్కి తిప్పి నిలబెట్టి దారం నోట్లో పెడితే పకపకా నవ్వి ఉమ్మేసింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఉమ్మేసింది. నేను అక్కడే ఉన్నాను. ఆయన విసుక్కోలేదు కూడా. ఆకుపచ్చ గుడ్డతో కత్తిరించిన ఆరును మడిచి మిషను సొరుగులో పెట్టి, "రేపు కుడతాలే, పో" అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్లమ్మ తన చెల్లెల్ని రైలెక్కించడానికి పిల్లను వెంట తీసుకుని స్టేషనుకు పోయింది. ప్లాట్‌ఫారానికి రెండు పక్కలా రెండు రైళ్లు ఉన్నాయి. మూట పైకి అందించడానికి ఆమె పిల్ల చెయ్యి వదిలింది. మూట అందించి తిరిగి చూస్తే పిల్ల లేదు. రెండు రైళ్లూ ఒకటి వెనక ఒకటి కదిలిపోయాయి. మా ఊరు జంక్షను. అక్కడ రైలెక్కిన మనిషి బొంబాయికైనా పోవచ్చు, మద్రాసుకైనా పోవచ్చు, బెంగుళూరుకైనా పోవచ్చు. ఆయన మూడు వైపులా తిరిగాడు. రెండేళ్లు దుకాణం తియ్యలేదు.

తీసినాక ఆయన మామూలుగానే ఉన్నాడు. ఒక్కటే తేడా. కూతురి గురించి ఎప్పుడు మాట్లాడినా "ఉండాది" అనేవాడు. "ఉండె" అనేవాడు కాదు. ఎవరైనా ఓదార్చబోతే, "పెరుగుతాంటాది. ఇప్పుడు చూస్తే గుర్తు పడతామో లేదో" అని మిషను తొక్కేవాడు. ఆ గొంతులో ఏడుపు ఉండేది కాదు. దాంతో ఓదార్చవచ్చినవాళ్లే చెప్పులేసుకుని లేచిపోయేవాళ్లు.

ఎనభై ఆరులో ఆయన నన్ను పిలిచాడు. మేకుకు డెన్మార్కు వాళ్ల బొమ్మ తగిలించి ఉంది. చొక్కా సగం ఎరుపు, సగం సన్నటి ఎరుపు తెలుపు గీతలు.

"పీట ఎక్కి ఆ గీతలు లెక్కబెట్టి చెప్పు పాపా. నిదానంగా. తప్పు పోగూడదు."

ఎక్కాను. గోడకు ముఖం, ఆయనకు వీపు. గీతలు సన్నవి, మడతల్లో కలిసిపోతున్నాయి. మూడు సార్లు లెక్కబెట్టాను. మూడు సార్లూ వెనక మిషను చప్పుడు లేదు. నా మెడ మీద ఏదో ఆనినట్లు అనిపించి ఒకసారి వెనక్కి తిరిగాను. ఆయన ఏడడుగుల దూరంలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. "తిరగొద్దు. లెక్క పోతాది" అన్నాడు.

తొంభైలో జర్మనీ వాళ్లది. తెల్లచొక్కా మీద నలుపు, ఎరుపు, పసుపు పట్టీ మెట్లెక్కినట్లు వంకర్లు పోతూ ఛాతీకి అడ్డంగా ఉంటుంది. వంకరకు ఎన్ని అంగుళాలు పడుతుందో చెప్పమన్నాడు. తొంభై నాలుగులో అమెరికా వాళ్లది, వెలిసిన జీన్సు రంగు మీద పెద్ద పెద్ద తెల్ల నక్షత్రాలు. ప్రతిసారీ అదే మేకు, అదే పీట. ఆ మధ్య ఒక ఏడు నాకు టైఫాయిడ్ వస్తే రోజు విడిచి రోజు వచ్చి మా గడపలో నిలబడేవాడు. లోపలికి రాడు, మందుల సంగతి అడగడు. "ఎంత చిక్కిపోయిండావు పాపా" అని నిలువునా చూసి పోయేవాడు. మంచివాడని మా అమ్మ అనేది.

తొంభై ఎనిమిదికి నాకు పెళ్లయి బళ్లారిలో ఉన్నాను. కార్డు వచ్చింది. "బొమ్మ వచ్చింది. లెక్క ఉండాది. రా." నా భర్త చదివి, "ఆయనకు గుంతకల్లంతా వెదికినా లెక్క తెలిసినోడు దొరకలేదా?" అని నవ్వాడు. నాకు గర్వంగానే అనిపించింది. పోయాను.

మేకు మీద క్రొయేషియా చొక్కా. ఎరుపు తెలుపు గళ్లు, చదరంగం బల్ల తొడుక్కున్నట్లు. నేను చేసిన లెక్కల్లో నాకు ఇష్టమైనది ఇదే. ముందు ఎనిమిది గళ్లు, వెనక ఎనిమిది గళ్లు వస్తేనే పక్క కుట్టు దగ్గర ఎరుపు పక్కన తెలుపు పడుతుంది. చుట్టుకొలత నలభై అయితే గడి రెండున్నర అంగుళాలు. ఒళ్లు మారితే గడి మారాలి, గళ్ల సంఖ్య మారకూడదు. పదకొండు మందికీ పదకొండు గడి కొలతలు కట్టి ఇచ్చాను.

"ముప్పై ఆరుకు ఇంకొకటి కట్టు" అన్నాడు.

"టీములో ముప్పై ఆరు ఎవురూ లేరు కదా చిన్నాయనా."

"లెక్క చెయ్యి పాపా. ఎవురికని అడగొద్దు."

రెండుంపావు అంగుళాలని రాసి ఇచ్చాను. ప్రతిసారీ పన్నెండో చొక్కా ఒకటి ఉండేదని నాకు అంతకు ముందే అనుమానం. గుడ్డ లెక్కలో ఎప్పుడూ మీటరున్నర తేడా వచ్చేది. మొక్కుబడి ఏదో ఉందనుకున్నాను.

రెండువేల రెండులో నాకు ఆరో నెల. పుట్టింటికి వచ్చి ఉన్నాను. కామెరూన్ వాళ్లు ఆ ఏడు మొదట్లో చేతులు లేని చొక్కాలతో ఆడారు. ప్రపంచ కప్పులో అవి ఒప్పుకోలేదు. లోపల నల్ల చేతులు అతికించుకుని వచ్చారు. ఆ సంగతి చెప్తూ ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "పెద్దోళ్లు ఒప్పుకోకపోతే అతికించుకుంటిరి చూడు. దర్జీ బుర్ర ఉండేవాడు ఎవుడో ఉండాడు ఆడ." పీట ఎక్కవద్దని, కింద నిలబడే చూడమని అన్నాడు. నేను బొమ్మ వైపు తిరిగాను. కాసేపటికి "ఒక పక్కకు తిరుగు, వెలుతురు బాగుంటాది" అన్నాడు. ఆ సాయంత్రం వీధిలో ప్రతి ఇంటికీ బూందీ పంచాడు. ఎందుకు పంచాడో ఎవరికీ తెలియదు. పంచుతూ ఆయన ఎవరికీ చెప్పలేదు.

చివరిసారి రెండువేల ఇరవై రెండు. అప్పటికి మేము మళ్లీ గుంతకల్లులోనే కాపురం. ఆయన కళ్లకు శుక్లాలు. మళ్లీ డెన్మార్కు వాళ్ల చొక్కానే ఫోనులో చూపించాను. పూర్తిగా ఎరుపు. ఛాతీ మీద జట్టు బిళ్ల కూడా అదే ఎరుపులో ఉంటుంది, వెదికితే తప్ప కనపడదు.

"బిళ్ల లేదా?"

"ఉండాది చిన్నాయనా. కనపడదు."

"అంతే కదా మరి. ఉండేదంతా కనపడల్లని ఏముండాది" అన్నాడు.

వాళ్లే నల్లది కూడా ఒకటి చేశారని, ఆ పోటీలకు స్టేడియాలు కట్టే పనుల్లో చనిపోయిన కూలీలకు సంతాపంగా చేశారని చెప్పాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

"అది నాకు చూపించొద్దు. ఎర్రది కుడతా."

ఇదీ ఆయన గురించి నాకు తెలిసింది. మిగతాది ఆయన పోయిన పదిహేనో రోజున తెలిసింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన భార్య నన్ను దుకాణానికి రమ్మని కబురు పెట్టింది. నేను చిన్నమ్మా అంటాను. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. రేకుపెట్టె ఒకటి పీట మీద పెట్టి ఉంది.

"పెట్టెలోటివి ఎన్నో, యాటికేటికి ఎంతెంత కొలతో రాసి పెట్టు పాపా. నా కండ్లకు ఆనడం లేదు."

తీశాను. పైన ఏదో తెల్లగుడ్డ, దాని కింద రంగు చొక్కాలు. గీతల డెన్మార్కు, జర్మనీ, చుక్కల అమెరికా, గళ్ల క్రొయేషియా, అట్లా పది. ఒక్కదానికీ నంబరు లేదు. టేపు తీసుకుని కొలవడం మొదలుపెట్టాను. ఛాతీ ఇరవై ఎనిమిది అంగుళాలు. ముప్పై మూడు. ముప్పై ఐదు. ముప్పై ఆరు. రెండోదాని నుంచి పక్కకుట్లు నడుము దగ్గర లోపలికి వచ్చి ఉన్నాయి. మగవాళ్లకు అట్లా కుట్టరు.

"ఎవురివి చిన్నమ్మా ఇవి?"

"మా పాపవి" అందామె. "ఏ పొద్దు వచ్చినా ఒంటికి సరిపోవల్ల కదా."

నేను కాసేపు టేపు కింద పెట్టాను. తర్వాత మళ్లీ తీసుకున్నాను. నాకు తెలిసిన పని అదొక్కటే. క్రొయేషియా చొక్కా మీద గడి రెండుంపావు అంగుళాలే ఉంది, నేను రాసి ఇచ్చినట్లే. కానీ భుజం కుట్టు సరిగా రాలేదు.

"ఎడమ భుజం జారింది దీనికి. కత్తెర తప్పినట్లుండాడు చిన్నాయన."

"ఆయప్ప కత్తెర తప్పడు. ఇంకోటి చూడు."

ఇంకోటి చూశాను. పదీ చూశాను. మొదటిదానికి పావు అంగుళం, తక్కిన తొమ్మిదింటికీ అర అంగుళం. పదింటికీ ఎడమ పక్కే. కామెరూన్ చొక్కా తీసి పరిచాను. ఛాతీ ముప్పై ఏడు. పొట్ట దగ్గర నలభై నాలుగు.

చిన్నమ్మ గోడకు ఉన్న అద్దం వైపు గడ్డం ఎత్తి చూపించింది. నేను చున్నీ తీసి అద్దం ముందు నిటారుగా నిలబడ్డాను. ఎనిమిదేళ్ల నుంచి పెళ్లయ్యేదాకా వీధి కొళాయి నుంచి ఇంటికి బిందె మోశాను, ఎప్పుడూ ఎడమ భుజం మీదే. పది రోజులకోసారి వచ్చే నీళ్లు, వచ్చినపుడు ఇరవై బిందెలు. ఆ భుజం అద్దంలో కనపడుతోంది.

"పాప నీళ్లు మోసిందో లేదో మనకేం తెలుసయ్యా అని నేనంటి" అంది చిన్నమ్మ. "యాడున్నా ఆడబిడ్డ నీళ్లు మోయకుండా ఉంటాదా అనె. నీ ఒళ్లు చూస్తే ఆయప్పకు దాని ఒళ్లు తెలిసేది. నువ్వు పచ్చగా ఉంటే అది పచ్చగా ఉండాదనేవాడు. నీకు జొరమొచ్చినపుడు అన్నం తినలే."

గీతలు ఎన్ని, గళ్లు ఎన్ని అని ఆయనకు ఎప్పుడూ అవసరం లేదు. నలభై ఏళ్లు నేను గోడకు ముఖం పెట్టి నిలబడితే చాలు.

పక్కన పెట్టిన తెల్లగుడ్డ విప్పాను. మూడు తెల్లచొక్కాలు, వాటితో ఒక మడత గుడ్డ.

"కండ్లు పూర్తిగా పోకముందే కుట్టి పెడతా అనె, రెండేండ్ల కిందట" అందామె. "డిజైన్లు ఇంకా రాలేదు కదా. అందుకని తెల్లవి."

మొదటిది ఈ ఏడుది. నలభై రెండు. ఇప్పుడు నా కొలత అదే. రెండోది నలభై మూడు. నాకు యాభై నాలుగు వచ్చేటప్పటిది. మూడోది కొలిచి, నమ్మకం లేక మళ్లీ కొలిచాను. ముప్పై తొమ్మిది. వీపు ముక్క ముందు ముక్క కంటే అంగుళమున్నర పొడవు. వంగిన మనిషికి అట్లా కుడతారు. నాలుగేళ్లలో నాలుగు అంగుళాలు తగ్గడమంటే ఏమిటో లెక్క కట్టకుండా ఉండడం నాకు చేతకాదు.

"కొలత లేనిదే కత్తెర తియ్యడు కదా చిన్నమ్మా. రాబోయేవాటికి కొలత యాడిది?"

"ఉండాదనె."

మడత గుడ్డ విప్పి కొలిచాను. రెండు మీటర్ల పది. చొక్కాకు మీటరున్నర చాలు. సుద్దగీత కూడా పడలేదు.

"దీన్నెందుకు కొయ్యలేదు? ఇంకోటి వచ్చేది."

"నేనూ అడిగితి. దానికి కొలత దొరకలే అనె."

బయట రైలు ఏదో పోయింది. తర్వాత ఆమె మొదటి తెల్లచొక్కా తీసి నా చేతికి ఇచ్చింది.

"ఒక్కసారి తొడుక్కో పాపా. ఒంటి మీద చూడల్ల నేను. అంతే."

వద్దనాలని ఉంది. ఆమె కళ్లు చూసి అనలేకపోయాను. చుడీదారు మీదే తొడుక్కున్నాను. భుజాలు రెండూ వాటి వాటి చోట్ల కూర్చున్నాయి. యాభై ఏళ్లలో అంత సరిగ్గా కూర్చున్న బట్ట నాకు తెలియదు. చెప్పకుండానే మేకు వైపు తిరిగి నిలబడ్డాను. వెనక సొరుగు తీసిన చప్పుడు.

"ఎంత పెద్దదైపోయినావే" అంది ఆమె. నాతో కాదు.

భుజం మీదుగా ఒక దారప్పోగు అందించింది. పళ్లతో పట్టుకున్నాను. వీపు మీద గుడ్డముక్క పెట్టి అరచేత్తో అదిమింది. చూడకపోయినా అది ఆకుపచ్చదని, ఆరు అని నాకు తెలుసు. సూది చొక్కాలో దిగడం తెలిసింది. ఒక కుట్టు. ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత దారం వెనక్కి లాగేసింది.

"వద్దులే. కుడితే ఇది నీదయిపోతాది. అది వస్తే దానికుండదు." నంబరును మడిచి సొరుగులో పెట్టింది. "రేపు కుడతాలే, పో."

అది ఆ రోజు ఆయన అన్న మాటేనని ఆమెకు తెలిసినట్లు లేదు. చొక్కా విప్పబోతే వద్దంది. "ఒంటి మీద ఉండనీ. నాలుగేండ్లకు వచ్చి రెండోది తీసుకో."

ఆ దుకాణం నుంచి మా ఇంటికి స్టేషను పక్క దారిన పదకొండు వందల నలభై అడుగులు. ఎన్నోసార్లు లెక్కబెట్టాను. ఆ రోజు లెక్క మధ్యలో పోయింది. ప్లాట్‌ఫారానికి రెండు పక్కలా రెండు రైళ్లు నిలబడి ఉన్నాయి. తెలిసినామె ఒకామె ఎదురొచ్చి, "ఏం లెక్కలమ్మా, తెల్లచొక్కా ఏసినావు, ఏం కథ?" అని అడిగింది. నేను తల ఊపి ముందుకు నడిచాను. మా ఇంటి గడప దాటి, తలుపు మూసిందాకా పళ్ల మధ్య దారం వదలలేదు.